నార్మల్ అని రాసిచ్చిన హోల్టర్ గారికి

హోల్టర్ మానిటర్ గారికి,

ఇక్కడ నేను క్షేమం. ఈ మాట నా సొంతం కాదు, మీ రిపోర్టు రెండో పేజీలో ఉంది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల ఏదో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ బీరువాలో, కొత్త బ్యాటరీ వేయించుకుని, తమరూ క్షేమమని తలుస్తాను.

రోజుకొకరి ఒంటి మీద కాపురం చేసి, ఇరవై నాలుగ్గంటలూ వాళ్ళ గుండె కొట్టుకునే తీరు రాసుకునేవారు, నేను గుర్తుండకపోవచ్చు. ఎంవీపీ కాలనీ, ఆరో సెక్టారు. హైస్కూల్లో లెక్కల టీచర్ని. సెలవులు కదా అని మే నెలలో మిమ్మల్ని ఒక పగలూ ఒక రాత్రీ నడుముకి కట్టుకుని తిరిగాను. చీర కుచ్చిళ్ళ పక్కన బెల్టు, బెల్టుకి మీరు, మీ నుంచి జాకెట్టు లోపలికి పాకిన వైర్లు. ఎదురింటావిడ మెట్ల మీద ఆపి మరీ అడిగింది: "ఏటి వదినా, నడుముకి ఏటది?" గుండె పరీక్ష అన్నాను. "అయ్యో, నీకేటి, గుండ్రాయిలా ఉన్నావు" అంది. అదే నా బాధంతా.

నా కేసేమిటో మీకు మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే మీరు సరిగ్గా విన్నట్టు లేదు. రాత్రి భోజనాలై, గిన్నెలు సర్ది, పక్క మీద ఎడమవైపు ఒత్తిగిలుతాను. గుండె బుద్ధిగానే కొట్టుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి ఒక బీటు పిలవకముందే వచ్చేస్తుంది. దాని తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం ఉంది చూశారూ, అది సెకనో, సెకనున్నరో, కొలిస్తే అంతకన్నా ఉండదు. కానీ ఆ కాస్తలోనే పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు, మా అమ్మ మోకాళ్ళ ఆపరేషను, ఇంటి లోను అన్నీ కళ్ళముందు తిరిగిపోతాయి. అప్పుడొస్తుంది ఒక దెబ్బ, దబ్‌మని, గొంతు దాకా. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మామూలే.

ఈ దబ్ ఎందుకో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. గుండెకి లయ చెప్పేది పైగదిలో ఉండే సైనస్ నోడ్. దాని ఆజ్ఞ రాకముందే కింది గదిలో ఎక్కడో ఒక మూల సొంతంగా కరెంటు పుట్టించి గుండెని నొక్కేస్తుంది. దాన్ని వీపీసీ అంటారట. గది నిండకముందే నొక్కింది కాబట్టి ఆ బీటుకి నాడి అందదు. తర్వాత కాస్త ఎక్కువ విరామం వస్తుంది. ఆ విరామంలో రక్తం ఎక్కువ చేరుతుంది కనుక తర్వాతి బీటు గట్టిగా పడుతుంది. అంటే నన్ను అదరగొట్టేది తప్పుచేసిన బీటు కాదు, దాని వెనకాల వచ్చి పని పూర్తిచేసే మంచి బీటు. ఎడమవైపు పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా జరుగుతుంది కనుక ఆ చప్పుడు నాకింకా బాగా తెలుస్తుంది. ఇదంతా నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన రాత్రి రెండింటికి దబ్‌మనడం మానదు.

మీకన్నా ముందు మీ అన్నగారు ఈసీజీని కలిశాను. ఆయన నా గుండెని పది సెకన్లు చూశారు. రోజుకి 86,400 సెకన్లు. అంటే 8,640 ముక్కల్లో ఒక ముక్క చూసి మిగతా 8,639 ముక్కలకీ సంతకం పెట్టేశారు. మా పదో తరగతి పిల్లలెవరైనా ఇలా లెక్క చేస్తే నేను పేపరు మీద ఎర్రసిరాతో ఏం రాసేదాన్నో ఆయన్ని అడగండి. ఆయన వంశం మాత్రం గొప్పది. నెదర్లాండ్స్‌లో ఐంథోవెన్ అనే పెద్దాయన తయారుచేసిన తొలి ఈసీజీ యంత్రానికి రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో ముంచి కూర్చోవాలి. ఆయనకి 1924లో నోబెల్ ఇచ్చారు. ఉప్పునీళ్ళకి మాకేం కొదవ, ఆర్కే బీచ్‌లో మోకాళ్ళ దాకా దిగితే చాలు.

మీ కథా చదివాను. అమెరికాలో మోంటానా రాష్ట్రం, హెలెనా ఊరు, నార్మన్ హోల్టర్ అనే శాస్త్రవేత్త. ఆసుపత్రి మంచం మీద కాదు, మనిషి తిరుగుతూ ఉండగా గుండెని చూడాలన్నది ఆయన పట్టుదల. మొదట్లో తమరు దాదాపు 38 కిలోలు, వీపున కట్టుకోవాల్సిన భారం. 1961లో ఆయన వ్యాసం సైన్స్ పత్రికలో వచ్చే నాటికి బాగా చిక్కారు. ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోతారు. అంత ముందుచూపున్నాయన విశాఖపట్నం చెమటని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

"ఇరవై నాలుగ్గంటలూ స్నానం చెయ్యకూడదు మేడం" అన్నాడు స్టిక్కర్లు అంటించిన కుర్రాడు. మే నెలలో, సముద్రప్పక్క ఊళ్ళో! సాయంత్రానికి ఎడమ రొమ్ము కింద స్టిక్కరు అంచు తెల్లగా లేచింది. వేలితో నొక్కితే అంటుకుంటుంది, వేలు తీస్తే లేస్తుంది. దాని కింద జెల్లూ చెమటా కలిసి పాకం అయింది. మా ఆయన ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి మైక్రోపోర్ టేపు తెచ్చి నాలుగువైపులా అంటిస్తూ, "వైరు ఊడితే మళ్ళీ మొత్తం డబ్బు కట్టాలట, కదలకు" అన్నారు. ఇలా కదలకుండా కూర్చోబెట్టడానికా ఆ హోల్టర్ గారు అంత కష్టపడ్డది?

ఇక నా గుండె ఆ రోజు చేసిన నిర్వాకం. డీఈవో తనిఖీకి వచ్చిన రోజు ఎనిమిదో తరగతి బి సెక్షను ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? రోజూ బెంచీలెక్కి గెంతేవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. "చాలా క్రమశిక్షణ ఉన్న తరగతి" అని రిజిస్టర్లో రాసి ఆయన జీపెక్కుతాడు. జీపు గేటు దాటగానే సుద్దముక్కలు ఎగురుతాయి. నా గుండె అచ్చం బి సెక్షను. మిమ్మల్ని విప్పి కవర్లో పెట్టి అప్పజెప్పి, ఆటోలో ఇంటికి వస్తుంటే, సిరిపురం జంక్షన్ దగ్గర సిగ్నల్లో మొదలుపెట్టింది.

పోనీ, ఆ రోజు అసలేమీ జరగలేదా అంటే జరిగాయి. మీరిచ్చిన డైరీలో నేను శ్రద్ధగా రాశాను: "రాత్రి 2.10. ఎడమవైపు తిరిగాను. తప్పింది. బటన్ నొక్కాను." మీ గ్రాఫులో 2.10కి చూస్తే సైనస్ రిథమ్, మచ్చలేని వరస. సాయంత్రం రైతుబజార్లో వంకాయల దగ్గర బేరమాడుతున్న సమయానికి మాత్రం నిమిషానికి ఐదారు వీపీసీలట! అప్పుడు నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. నేను పట్టుకున్నానన్నచోట ఏమీ లేదు, అవి తిరుగుతున్నచోట నేను వంకాయల పుచ్చులు చూసుకుంటున్నాను. ఇలా జరగడం మామూలేనని డాక్టరుగారు అన్నారు. ఎక్కువ బీట్లున్నవాళ్ళు కొందరికి ఏమీ తెలియదట, తక్కువున్నవాళ్ళు కొందరు నిద్రపోలేరట. ఎవరికి తెలుస్తుందో, ఎందుకు తెలుస్తుందో గ్రాఫు చెప్పదు. ఈ సంగతి మీ రిపోర్టులో ఒక్క వాక్యమైనా రాస్తే మీ సొమ్మేం పోయేది?

డాక్టరుగారి మీద నాకు ఫిర్యాదు లేదు. టూడీ ఎకో, అంటే గుండె స్కాను, చేశారు, బాగుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొటాషియం, అన్నీ బాగున్నాయి. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు, వేగం పెరిగేకొద్దీ అదనపు బీట్లు మాయమయ్యాయి, అది మంచి గుర్తే అన్నారు. కళ్ళు తిరిగి పడిపోయారా, శ్రమపడితే ఛాతీలో నొప్పి వస్తోందా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయారా అని అడిగారు. అన్నిటికీ లేదనే చెప్పాను. "వీటిలో ఏదున్నా బీట్లు లెక్కపెడుతూ ఇంట్లో కూర్చోకూడదమ్మా, వెంటనే రావాలి. నీకు లేవు. రోజుకి లక్ష బీట్లు, అందులో వందల్లో వీపీసీలు, ఒక శాతం కూడా లేవు. పది శాతం దాటితే గుండె కండరం గురించి ఆలోచిస్తాం" అన్నారు. నూటికి తొంభై తొమ్మిదికి పైన! మా ఊళ్ళో ఆ మార్కులొచ్చిన పిల్లాడి ఫొటోతో జంక్షన్‌కొక ఫ్లెక్సీ కడతారు.

నా తగాదా మీరిచ్చిన ఆ కాగితంతోనే. నాకు ధైర్యంగా ఉంటుందని ఇచ్చారు, అది మా ఇంట్లో అందరి చేతికీ ఆయుధమైంది. అబ్బా, గుండె తప్పింది అంటే మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "నార్మలే కదా" అంటారు. నీరసంగా ఉంది, ఈ పూట వంట నువ్వు చూడరా అంటే మావాడు "హోల్టర్ క్లియర్ కదమ్మా" అంటాడు. మా అత్తగారు రిపోర్టు చదవలేదు, చదవాల్సిన పని కూడా లేదావిడకి. "గేసే అమ్మా అది. వాము నమిలి గోరెచ్చని నీళ్ళు తాగు." వాము నములుతున్నాను. గ్యాసు తగ్గింది, గుండె తన పని తను చేసుకుంటోంది.

ఇక స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే తీర్పు, టెన్షను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి హాల్లో పడుతుంటే, గాలికి తెరుచుకుంటున్న తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాను. అప్పుడొక్క బీటు తప్పిన గుర్తు లేదు. ఇప్పుడు ఏసీ వేసుకుని పడుకుంటే టెన్షనా? నిద్ర తక్కువైతే, దిగులు పడితే ఇవి పెరుగుతాయంటే నమ్ముతాను, నాకూ అనుభవమే. కానీ దిగులు వల్ల బీటా, బీటు వల్ల దిగులా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

అందరూ కాఫీ మానమన్నారు. దానిమీద 2023లో అమెరికాలో 100 మందికి పరీక్ష చేశారని చదివి ఆశపడ్డాను. కాఫీ తాగిన రోజుల్లో పైగదుల అదనపు బీట్లు పెద్దగా పెరగలేదట. తాగినవాళ్ళు వెయ్యి అడుగులు ఎక్కువ నడిచారట, అరగంటకి పైగా తక్కువ నిద్రపోయారట. సంతోషంగా గ్లాసు అందుకోబోయి తర్వాతి వాక్యం చదివాను: కింది గదుల బీట్లు మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లయ్యాయట. నావి కింది గదులవే. రోజుకి ఒకటికి ఒప్పందం కుదుర్చుకున్నాను, సాయంత్రం నాలుగు దాటితే లేదు.

డాక్టరుగారు ఈసారి ఒక రోజు కాదు, వారం రోజులుండే ప్యాచ్ పెడదాం అంటున్నారు. మీ తమ్ముడే అనుకుంటాను. వైర్లుండవట, స్నానం చెయ్యవచ్చట. రమ్మనండి. వారం రోజులు బుద్ధిగా కూర్చోవడం బి సెక్షను వల్ల కాదు. రిపోర్టు ఇచ్చేటప్పుడు మాత్రం ఆయన్ని ఒకటి అడగండి: అట్టడుగున చిన్న అక్షరాల్లోనైనా సరే, తెలుగులో, "ప్రమాదం లేదు, అయినా ఈవిడ చెప్పేది నిజమే" అని ఒక లైను కొట్టించమనండి. ఫ్రిజ్ మీద అంటించుకుంటాను.

అన్నట్టు, మీకోసం కట్టిన డిపాజిట్ ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే, ఒక వైరు మెలిపడింది, చూసి చెప్తాం అంటున్నారు. ఆ వైరుకి టేపు అంటించింది మా ఆయన, మెలిపెట్టింది మీ కుర్రాడు. కాస్త వాళ్ళకి చెప్పండి.

ఇట్లు,
ఆరో సెక్టారు లెక్కల టీచరు,
విశాఖపట్నం