స్కూల్ టై గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ స్కూల్ టై గారి దివ్యసముఖమునకు,

చెన్నై పెరంబూరు నుంచి ఐదో తరగతి పిల్లాడి తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుసు. ఇవాళ పొద్దున ఏడుంబావుకి ఇల్లంతా గాలిస్తుంటే తమరు ఫ్రిజ్ కింద చల్లగా పడుకుని దర్శనమిచ్చారు. కింద వ్యాన్ హారన్ కొడుతోంది, మావాడు ఒక కాలికి సాక్సు వేసుకుని ఏడుస్తున్నాడు. అంత గోలలోనూ తమరు మాత్రం ప్రశాంతంగా ఉన్నారు. పెద్దమనుషుల లక్షణం.

ముందే మనవి చేసుకుంటున్నాను, నాకు యూనిఫాం మీద కోపం లేదు. మా నాన్న గూడూరు నుంచి ఇక్కడి ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి వచ్చారు. నేను చదివింది కార్పొరేషన్ బడిలో. సర్కారు ఇచ్చిన చొక్కా భుజాల దగ్గర జారేది, నిక్కరుకు మొలతాడే దిక్కు. అయినా మా క్లాసులో అందరి చొక్కా అలాగే జారేది కాబట్టి ఎవరూ ఎవర్నీ చూసి నవ్వలేదు. కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలం నుంచి ఇక్కడ యూనిఫాం వెనక ఉన్న ఆలోచన అదే: బెంచీ మీద కూర్చున్నాక ఎవడు ఉన్నోడో ఎవడు లేనోడో బట్టల్లో కనపడకూడదు. ఇప్పటికీ ప్రభుత్వ బడి పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా ఏటా నాలుగు జతలు ఉచితంగా ఇస్తున్నారు. ఆ పనంతా చొక్కా, నిక్కరే చేసేశాయి. తమరితో అవసరం పడలేదు.

మరి తమరి ఉద్యోగం ఏమిటి? డిసిప్లిన్ అంటారు మా బడివాళ్లు. మావాడి దగ్గర తమరు ఏయే డ్యూటీలు చేస్తున్నారో నేను కళ్లారా చూశాను. సాంబారు మూతి తుడుస్తారు. కళ్లకు గంతలు కడతారు. తమరి ఎలాస్టిక్ లాగి వదిలితే పక్కవాడి మెడ మీద చురుక్కుమంటుంది. ముడి కూడా ముందే వేసి అమ్ముతారు కాబట్టి, ముడి వేయడమైనా పిల్లాడు నేర్చుకుంటున్నాడు అనడానికి లేదు. పైగా తమరు బయట బట్టల కొట్లో దొరకరు. బడి కౌంటర్‌లోనే కొనాలి. అర్ధ సంవత్సరం పరీక్షలకల్లా సాగిపోయి బొడ్డు దాకా వేలాడతారు, మళ్లీ కౌంటర్‌కి.

రేపు ఉద్యోగాలకి అలవాటవుతుందట. చెన్నైలో ఐటీ కంపెనీలన్నీ బారులు తీరిన ఓఎంఆర్ రోడ్డులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను, టై కట్టింది రెండే రెండు సార్లు. ఇంటర్వ్యూకి ఒకసారి, నా పెళ్లి రిసెప్షన్‌కి ఒకసారి. రెండోసారి మా అమ్మ చూసి "ఇదేందిరా, తాళి నువ్వు కట్టించుకున్నావా" అంది.

తమరి వంశవృక్షం కూడా చూశాను. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ తరఫున యుద్ధానికి వచ్చిన క్రొయేషియా సిపాయిలు మెడకు గుడ్డ చుట్టుకుంటే, అక్కడి దొరలు ముచ్చటపడి తామూ చుట్టుకున్నారట. వాళ్లది చలిదేశం, చుట్టుకున్నారు. 2023లో ఎండలకు భయపడి తమిళనాడు ప్రభుత్వం బడులు తెరవడాన్నే పెద్ద తరగతులకు జూన్ 12కి, చిన్న తరగతులకు 14కి వాయిదా వేసింది. బడి వాయిదా పడింది గానీ తమరు పడలేదు. తెరిచిన రోజే మావాడి మెడలో వేలాడారు.

వకీళ్లకైతే ఎండల్లో కాస్త సుఖం ఉంది, తెలుసా? బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో ఎండాకాలం నల్లకోటు తప్పనిసరి కాదు. ఫీజు తీసుకునేవాళ్లకి మినహాయింపు, ఫీజు కట్టేవాళ్లకి లేదు.

ఇంతకన్నా పెద్ద ముచ్చట ఈ ఊళ్లోనే జరిగింది. 2014 జులైలో ఒక హైకోర్టు జడ్జిగారు వేష్టి, అంటే మన పంచె, కట్టుకుని పుస్తకావిష్కరణకు వెళ్తే, క్లబ్బువాళ్లు డ్రెస్ కోడ్ అంటూ గుమ్మంలోనే ఆపేశారు. రాష్ట్రం భగ్గుమంది. నెల తిరిగేసరికి అసెంబ్లీ చట్టం చేసింది. పంచె కట్టుకున్నాడని ఎవర్నైనా ఆపితే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ ఆగస్టులో చప్పట్లు కొట్టిన చేతులతోనే ఇప్పుడు రోజూ పొద్దున తమరి కొక్కెం తగిలిస్తున్నాను. జడ్జిగారి కోసం అసెంబ్లీ కూర్చుంది. మావాడు టై మరిచిపోతే డైరీలో ఎర్రసిరాతో నోట్, కింద నా సంతకం.

పోనీ, అర్థమున్న రూల్స్ కూడా నాకు గిట్టవా అంటే అదీ కాదు. 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే కులకక్షతో దాడి చేశాక ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ, పిల్లలు కులాన్ని చూపించే రంగు రంగుల చేతి తాళ్లు కట్టుకుని బడికి రాకూడదని 2024లో సిఫార్సు చేసింది. అలాంటి రూల్‌ని మావాడితో తు.చ. తప్పకుండా పాటింపజేస్తాను, కారణం కూడా కూర్చోబెట్టి చెబుతాను. ఇక్కడి కుర్రాళ్ల ఫ్యాషన్ క్రాఫు, ఆ పుల్లింగో కటింగ్ వద్దన్నా సరేనన్నాను, వాడి క్రాఫు అరగంట తినేస్తోంది మరి. తమరి విషయంలోనే నోట మాట రాదు. మొన్న వాడే అడిగాడు. "నాన్నా, మా పీటీ సార్‌కి టై ఎందుకు లేదు?"

"ఆయన పరిగెత్తాలి కదరా."

"నేను పరిగెత్తనా?"

వ్యాన్ వచ్చేసింది కాబట్టి బతికిపోయాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయుడు,
ఐదో తరగతి బి సెక్షన్ తండ్రి

తా.క.: తమరి ఎలాస్టిక్ ఇవాళ సాయంత్రం తెగిపోయింది. సోమవారం ఇన్‌స్పెక్షన్ అట. లోపలివైపు పిన్నీసు పెట్టాను. దయచేసి మధ్యాహ్నం దాకా ఊడకండి.