సున్నా మహారాజుకు జేజేలు

మళ్ళీ ఒక పట్టిక ఊరేగుతోంది. ‘చరిత్రలో మహా బాక్సర్లు’ అని శీర్షిక. కొలమానం ఒక్కటే: ఎవరు ఎన్నిసార్లు ఓడారు. పట్టికాచార్యుల వారు ఎంత నిక్కచ్చి మనిషంటే, 19 ఓటములున్నాయని అలనాటి అమెరికన్ బాక్సర్ షుగర్ రే రాబిన్సన్‌ను అట్టడుక్కి తోసేశారు. పక్కనే 170కి పైగా గెలుపులున్నాయి. ఆ గడి వైపు చూస్తే కళ్ళు పోతాయని ఎవరో చెప్పినట్టుంది.

రాబిన్సన్ మొదటి ఓటమి 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో, తనకంటే బాగా బరువైన జేక్ లమోటా చేతిలో. మూడు వారాలు తిరక్కుండానే, 26న, మళ్ళీ లమోటాతోనే తలపడి గెలిచాడు. మొత్తం ఆరుసార్లు తలపడితే అయిదు గెలుపులు. ఇవన్నీ ఆచార్యుల వారికి అనవసరం. మచ్చ పడింది, అంతే.

పోనీ ఆ న్యాయాన్నయినా నిలబెట్టారా? థాయ్‌లాండ్‌కు చెందిన వాన్‌హెంగ్ మెనాయోథిన్ 54-0 దాకా, అంటే 54 గెలుపులు, సున్నా ఓటముల దాకా వెళ్ళాడు. అమెరికన్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ 50-0 కంటే నాలుగు ఎక్కువ. 2020లో ఓడేదాకా ఆయనే లోకంలోకెల్లా గొప్పవాడు కావాలి కదా! ఆచార్యుల వారు ఆ పేరే విన్నట్టు లేదు.

నిజానికి ఓటముల గడిలో సున్నాను పెంచి పోషించడం ఒక శాస్త్రం. ముందు ఒక చురుకైన కుర్రాణ్ణి తీసుకోవాలి. మొదటి అరడజను పోటీలూ నాలుగేసి రౌండ్లవే. ప్రత్యర్థికి మూడు సుగుణాలుండాలి: పంచ్‌లో పస ఉండకూడదు, ఎడమచేతివాటం ఉండకూడదు, గత ఆరు పోటీల్లో అయిదు ఓడి ఉండాలి. ఆరూ ఓడితే మరీ బాగోదు, జనం అడుగుతారు. శనివారం పోటీకి మంగళవారం ఫోన్ చేయాలి. అప్పటికి ఆ పెద్దమనిషి రాత్రి డ్యూటీలో ఉంటాడు. శిక్షణకు కాదు కదా, గ్లవ్స్ ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే టైం చాలదు. పదో పోటీకి ఒకప్పటి చాంపియన్‌ను పిలవాలి, మోకాళ్ళు సహకరించని రకం. పదిహేనో పోటీకి నిఖార్సయిన బాక్సరే, కాకపోతే రెండు తరగతుల కింది బరువువాడు. ఇరవయ్యోదానికి చాంపియన్ బెల్టు కట్టేయాలి. గుర్తింపున్న సంస్థలే నాలుగు కాబట్టి ఖాళీ బెల్టుకు కొరతేమీ ఉండదు. ఈలోగా నిజంగా కొట్టగలిగినవాడు ఎదురొస్తే? చెయ్యి బెణుకుతుంది. చెయ్యి నయమయ్యాక డబ్బు దగ్గర బేరం బెణుకుతుంది. ఆ సున్నాను పురిటి బిడ్డలా పొత్తిళ్ళలో పెట్టుకుని ఇరవై రెండు, ఇరవై మూడు అంటూ నడిపిస్తారు.

ఆ ఫోన్ ఎత్తేవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ బక్లీ 300 పోటీలు ఆడి 256 ఓడాడు. నవ్వండి. కానీ అందులో చాలావరకు చివరి గంట మోగేదాకా కాళ్ళ మీదే నిలబడ్డాడు. దెబ్బ కాచుకోవడం రానివాడు మూడొందలసార్లు రింగ్ ఎక్కి దిగలేడు.

ఇక ప్రత్యర్థుల స్థాయి. కాగితం మీద పేరు వేరు, ఆ రాత్రి ఎదుట నిలబడ్డ మనిషి వేరు. ఓటమి లేకుండానే రిటైరైన రాకీ మార్షియానో 1951లో పడగొట్టిన మాజీ చాంపియన్ జో లూయిస్‌కు అప్పటికి 37 ఏళ్ళు. 1980లో లారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిన్న మహమ్మద్ అలీకి 38. గెలుపును తూచాలంటే అడగాల్సినవి: ఆ రోజుకు అతని వయసెంత, అది అతని అసలు బరువేనా, ఎన్నాళ్ళ ముందు కబురందింది. మేవెదర్ యాభయ్యో గెలుపు, 2017లో, అంతకుముందు ఒక్క ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ ఆడని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్ మీద. అదే మేవెదర్ 2001లో, అప్పటిదాకా ఓటమి ఎరుగని డియేగో కొరాలెస్‌ను అయిదుసార్లు కింద పడేశాడు. పట్టికలో రెండూ ఒక్కొక్క గెలుపే!

రక్షణకైతే పట్టికలో గడే లేదు. షోల్డర్ రోల్ అనే రక్షణ భంగిమనే చూడండి. ఎడమ చెయ్యి నడుముకు అడ్డంగా, గడ్డం ఎడమ భుజం వెనక, కుడి గ్లవ్ చెంప పక్కన. అవతలివాడి కుడి పంచ్ భుజం మీంచి జారిపోతుంది, మరుక్షణం మన కుడి చెయ్యి బయల్దేరుతుంది. ఎదుట ఎడమచేతివాటం ఉంటే ఇదే భంగిమ చిల్లుల గొడుగు. అందుకే తల కదలికను మాత్రమే కాదు, పాదాలను చూడాలి: పంచ్ తప్పించుకున్నాక తిరిగి కొట్టగలిగేంత దగ్గరలో ఉన్నాడా, తాళ్ళకు ఆనుకుపోయాడా?

అమెరికన్ బాక్సర్ పెర్నెల్ విటేకర్ అలా దగ్గరలోనే ఉండేవాడు. మోకాళ్ళు వంచి తల రెండంగుళాలు పక్కకు జరిపితే ఎదుటివాడి గ్లవ్ గాలిని కొట్టేది. దానికి ఈలలు, ‘పారిపోతున్నాడు’ అని వెక్కిరింతలు. ఒళ్ళు మండుతుంది. తలకు తగిలిన ప్రతి దెబ్బకూ మెదడు ఖాతా రాసుకుంటుంది. తప్పించుకునేవాడు పిరికివాడట, మొహం చితక్కొట్టించుకునేవాడు సింహమట! ఆ సింహం యాభై ఏళ్ళకు మాట ముద్దై, కన్నపిల్లల పేర్లు తడుముకుంటుంటే, ఈ ఈలలు వేసిన మొనగాళ్ళలో ఒక్కడైనా గడప తొక్కుతాడా?

1993 సెప్టెంబర్ 10, శాన్ ఆంటోనియో. 87-0తో వచ్చిన మెక్సికో బాక్సర్ హులియో సీజర్ చావెజ్‌కు విటేకర్ ఆ రాత్రంతా చుక్కలు చూపించాడు. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు 115-115 అని సమానంగా పాయింట్లు వేసి ‘డ్రా’ అన్నారు. చావెజ్ సున్నా చెక్కు చెదరలేదు, నాలుగు నెలల తర్వాత ఫ్రాంకీ రాండాల్ అతణ్ణి పదకొండో రౌండులో నేల మీద కూర్చోబెట్టి ఓడించేదాకా. విటేకర్ చివరి లెక్క 40-4-1: గెలుపులు, ఓటములు, డ్రా. ఆ చివరి ఒకటి ఆ రాత్రిదే.