పిచ్చి గారికి బేరింగు ఉత్తరం

పిచ్చి గారూ,

మనం ఎప్పుడూ ఎదురుపడలేదు గానీ ఇరవై ఏళ్లుగా మా చుట్టాలు నన్ను మీ పేరు చెప్పే పరిచయం చేస్తున్నారు. "వీడికి స్టాంపుల పిచ్చి." అంతే. చదువు, ఉద్యోగం, నా అసలు పేరు అన్నీ ఆ తర్వాత గుర్తొస్తే చెప్తారు, లేకపోతే లేదు.

మొన్న జరిగింది చెప్తాను, వినండి. బల్ల మీద రెండు స్టాంపులు పెట్టుకుని కూర్చున్నాను. అదే బొమ్మ, అదే రంగు, తేడా అంతా అంచు పళ్లలోనే. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో చూస్తే ఒకదానికి 13, ఇంకోదానికి 14 రావాలి. ఊపిరి బిగబట్టి, పట్టకారుతో ఒకదాన్ని కొలత అట్ట మీదికి జరుపుతూ లెక్కపెడుతున్నాను, సరిగ్గా పదకొండో చిల్లు దగ్గర మా బాబాయ్ లోపలికొచ్చి "ఇంత ఉక్కలో ఎలా కూర్చున్నావురా" అని ఫ్యాను వేశాడు. రెండూ లేచిపోయాయి. ఒకటి కుర్చీ కింద దొరికింది, రెండోది బీరువా కిందికి పోయింది. నేను నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి వెతుకుతుంటే ఆయన మా ఆవిడ దగ్గరికెళ్లి గొంతు తగ్గించి, "ఎప్పట్నుంచమ్మా ఇలా?" అన్నాడు.

ఆ జాలి ఉంది చూశారూ, అది మీ చలవే.

నా కోపం ఏంటంటే, మీరొక్కరే ఎంతమందికని పనిచేస్తారు? పుస్తకాల పిచ్చి, క్రికెట్ పిచ్చి, పాటల పిచ్చి, పదవీ పిచ్చి, అన్నింటికీ మీరే. నిజంగా మనసు బాగోలేక డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషికీ మీ పేరే, స్టాంపు వెనక జిగురు చెడకుండా చూసుకునేవాడికీ మీ పేరే. పాపం ఆయనకీ న్యాయం లేదు, నాకూ లేదు.

పోనీ మీరు సెలవు పెడితే మీ బదులు ఎవరొస్తారా అని వాకబు చేశాను. అభిమాని గారున్నారు, పెద్దమనిషే. అయితే సంస్కృతంలో అభిమానం అంటే గర్వం, తెలుగులోకి వచ్చాక మెత్తబడి ప్రేమ అయింది, కానీ వీరాభిమాని ముందు వాళ్ల హీరోని ఒక్క మాట అని చూడండి, పాత అర్థం లేచి చొక్కా చేతులు మడుస్తుంది. రసికుడు అంటే రసం తెలిసినవాడు, ఇప్పుడు ఆ మాట పెళ్లయిన మగవాడి గురించి వాళ్లావిడ ముందు అనలేం. ఉర్దూలో షౌక్ అంటే ఎంత హాయైన మాటో, ఇష్టమనీ అభిరుచి అనీ. మన దగ్గరికొచ్చి షోకు అయ్యాక అద్దం ముందు నుంచి కదలడం లేదు. పురుగు ఉంది, పుస్తకాల వాళ్లకి రిజర్వు. స్టాంపుల పురుగు అంటే నేను వాటిని తినేస్తున్నట్టు ఉంటుంది. ఇక ఔత్సాహికుడు, ఆయన ఆహ్వానపత్రాల్లో తప్ప బయట కనబడడు.

ఇంగ్లీషు వాళ్లేదో సుఖంగా ఉన్నారని కాదు. వాళ్ల ఫ్యాన్ కూడా ఫనాటిక్ తోక తెగి మిగిలినదే, దాని వేరు గుడి అనే అర్థమున్న లాటిన్ మాటలో ఉంది. అంటే పూనకం బాపతు. (మా బాబాయ్ వేసిన ఫ్యాను వేరు, కానీ నా దృష్టిలో రెండూ ప్రమాదకరమే.)

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. స్టాంపులు పోగుచేయడాన్ని ఫ్రెంచి వాళ్లు మొదట్లో టింబ్రోమేనీ అనేవారు. టింబ్ర్ అంటే స్టాంపు, మేనీ అంటే ఎవరో కాదు, తమరే! అక్కడా మీరే ముందెళ్లి కూర్చున్నారు. 1864లో జార్జ్ హెర్పిన్ అనే ఒకాయనకి ఒళ్లు మండి, గ్రీకు నిఘంటువు తిరగేసి, ఫిలాటలీ అనే మాట కట్టాడు. ఫిలోస్ అంటే ప్రేమించేవాడు, అటేలియా అంటే పన్ను మినహాయింపు. 1840లో మొదటి స్టాంపు రాకముందు చాలాసార్లు ఉత్తరం అందుకున్నవాళ్లే డబ్బు కట్టేవారు, స్టాంపు అంటించి ఉంటే ఆ బాధ లేదు కదా, అందుకని. నిజమే, "పన్ను మినహాయింపు ప్రియుడు" అంటే ఆదాయపు పన్ను వాళ్లు ఇంటికొచ్చేలా ఉంది. అయినా ఆయన మిమ్మల్ని గెంటేశాడా లేదా? మాకూ ఒక హెర్పిన్ కావాలి.

ఇంకో సంగతి. గెలిచినవాళ్ల ఇంట్లోంచి మీరు చల్లగా ఎందుకు జారుకుంటారు? విలియం హెర్షెల్ వృత్తి సంగీతం. ఆయన ఒకసారి టెలిస్కోపు అద్దం మీంచి 16 గంటలు చెయ్యి తీయకుండా సానపెడుతుంటే చెల్లెలు కరొలైన్ అన్నం నోట్లో పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు చూసినవాళ్లు ఏమనుకుని ఉంటారో మీకు నేను చెప్పాలా? 1781లో ఆయనకి యురేనస్ కనబడింది. ఇంకేం, మీరు మాయం, అంకితభావం గారు ప్రత్యక్షం. అదే పట్టు, అదే మనిషి. నాకు గ్రహం దొరికే యోగం ఎటూ లేదు, బీరువా కింద స్టాంపే దొరకలేదు.

ఈమధ్య కుర్రాళ్ల దగ్గర మీ హోదా పెరిగిందట, "పిచ్చెక్కించాడు" అంటే మెచ్చుకోలేనట. సంతోషం. ఆ కబురు మా బాబాయ్ దాకా చేరేలోపు నాకోసం ఇంకో మాట వెతికిపెట్టండి. మరీ గొప్పదేం అక్కర్లేదు, గొంతు తగ్గించకుండా అనగలిగేది అయితే చాలు.

ఈ కవరు మీద స్టాంపు లేదని పోస్ట్‌మాన్ మిమ్మల్ని డబ్బులడుగుతాడు. ఇంట్లో నాలుగు ఆల్బమ్‌ల నిండా ఉన్నాయి గానీ ఒక్కటి అంటించడానికీ చెయ్యి రాలేదు. దయచేసి కట్టేయండి.

ఇట్లు,
తమరు పట్టిన
ఒకడు

తా.క. దొరికిన స్టాంపుకి 13. బీరువా జరపడానికి ఆదివారం ఇద్దరు మనుషులొస్తున్నారు, ఎందుకు జరుపుతున్నామో ఇంట్లో ఇంకా చెప్పలేదు.