ఎల్లోస్టోన్‌కి పద్దెనిమిది మంది వెళ్తున్నారా? బేర్ బాక్స్ ఎవరు మూస్తారో ముందే తేల్చుకోండి

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో క్యాంపింగ్ ప్లాన్లు మొదలవుతాయి. నాలుగైదు కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఆరేడుగురు పిల్లలు. చర్చంతా ఏ వ్యాన్ అద్దెకు తీసుకోవాలి, మటన్ ఎవరు మ్యారినేట్ చేసి తేవాలి, స్పీకర్ ఎవరిది అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. రాత్రి పడుకునే ముందు బేర్ బాక్స్ (తిండి ఎలుగులకు అందకుండా దాచే ఇనుప పెట్టె) మూసి, గడియ పడిందో లేదో లాగి చూసే మనిషి ఎవరు అని ఒక్కరూ అడగరు.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. క్యాంపులో పలచబడేది బాధ్యత. నలుగురే వెళ్తే ఎవరి పని ఏంటో చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. పద్దెనిమిది మంది వెళ్తే కూలర్ ఇంకొకరు లోపల పెట్టారనుకుంటారు, పిల్లలు ఇంకొకరి దగ్గర ఉన్నారనుకుంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను: ఎల్లోస్టోన్‌లో పెద్ద గ్రూపుకి అసలు ముప్పు నేల కింద ఉన్న అగ్నిపర్వతమూ కాదు, గ్రిజ్లీ (పెద్ద జాతి ఎలుగు) కూడా కాదు, ఈ "అనుకున్నాం" అన్న మాటే. కాబట్టి పేర్లు రాసుకుని పనులు పంచుకోండి. అది చేయలేకపోతే హోటల్ గదులు తీసుకుని పగలు చూసి రండి. అందులో తప్పేమీ లేదు.

ముందు బుకింగ్ సంగతి. మామూలు సైట్‌లో (టెంట్ వేసుకోవడానికి ఇచ్చే స్థలంలో) ఆరుగురికి మించి ఉండకూడదు. పద్దెనిమిది మందికి మూడు సైట్లు కావాలి, అవి పక్కపక్కనే దొరుకుతాయన్న భరోసా లేదు. మాడిసన్, గ్రాంట్ విలేజ్, బ్రిడ్జ్ బే క్యాంప్‌గ్రౌండ్లలో గ్రూప్ సైట్లు ఉన్న మాట నిజమే, కానీ అవి యువజన బృందాల్లాగా ఒక నాయకుడి కింద వచ్చే వ్యవస్థీకృత బృందాల కోసం. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే అందులోకి వస్తాయో రావో బుక్ చేసే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో టెంట్‌కి అనుమతే లేదు, గట్టి గోడలున్న ఆర్వీలకే (లోపలే పడుకునే వీలున్న బండ్లకే). అది గ్రిజ్లీలు తిరిగే చోటు, అందుకే ఆ నియమం. కరెంట్ కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ కూడా అదొక్కటే. నాన్నగారికి రాత్రి నిద్రలో ఊపిరికి సాయపడే సీప్యాప్ మెషీన్ కావాలంటే టెంట్ సైట్‌లో ప్లగ్ దొరకదు. సరిపడా బ్యాటరీ తెచ్చుకోండి, లేదంటే పెద్దవాళ్లకు లాడ్జ్‌లోనో క్యాబిన్‌లోనో గది తీసుకోండి. మాడిసన్, బ్రిడ్జ్ బేలలో స్నానాల గదులు లేవు. కానియన్‌లో, గ్రాంట్‌లో ఉన్నాయి. మూడు రోజులు స్నానం లేకుండా అత్తగారిని ఎలా ఉంచుతారో మ్యాప్ చూస్తున్నప్పుడే ఆలోచించుకోవాలి. ఇంకో సంగతి: 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్లు, వార్షిక పాస్ లేకపోతే, ఎల్లోస్టోన్‌తో సహా 11 పార్కుల్లో మామూలు ఎంట్రీ ఫీజు మీద మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులుంటే ఆ లెక్క ముందే వేసుకోండి.

ఇక తిండి. ఇక్కడ మన గ్రూపులకు గట్టిగానే చెప్పాలి.

1931 నుంచి 1969 వరకు ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంట్ల వల్ల ఏడాదికి సగటున 48 మంది గాయపడ్డారు. అప్పట్లో జనం రోడ్డు పక్కన ఎలుగులకు చేత్తో తినిపించేవారు, చెత్తకుప్పల దగ్గర వాటి విందు చూడటానికి పోయేవారు. 1970లో పార్కు విధానం మారింది. చెత్తకుప్పలు మూసేశారు, తినిపించడం మాన్పించారు, ఎలుగులు తెరవలేని డబ్బాలు పెట్టారు. ఇప్పుడు ఆ సంఖ్య ఏడాదికి ఒకటి దగ్గర ఉంది. ఎలుగుల స్వభావమేమీ మారలేదు, మనుషుల తిండి వాటికి అందకుండా పోయిందంతే. మీ టెంట్ పక్కన మర్చిపోయిన ఒక్క చిప్స్ ప్యాకెట్ ఆ యాభై ఏళ్ల కష్టానికి ఎదురు వెళ్తుంది. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది.

బేర్ బాక్స్‌ని దగ్గరగా చూడండి. మందపాటి ఇనుప పెట్టె. చాలావాటికి గడియ ఒక చిన్న రేకు కప్పు కింద దాగి ఉంటుంది, వేళ్లు లోపలికి పోనిచ్చి నొక్కితేనే వస్తుంది, ఎలుగు పంజా అందులో దూరదు. తలుపు దగ్గరికి నెట్టేసి వెళ్లిపోతే సరిపోదు. గడియ పడిన చప్పుడు వినాలి, ఆ తర్వాత తలుపుని ఒకసారి లాగి చూడాలి. తేడా వచ్చేది ఎక్కడంటే, లోపల సామాను ఎక్కువై ఏదో సంచి పట్టీ తలుపు సందులో ఇరుక్కుంటుంది. మూసుకున్నట్టే కనబడుతుంది, గడియ మాత్రం పడదు. చీకట్లో టార్చ్ లేకుండా చూస్తే తెలియదు. పద్దెనిమిది మంది తిండి ఒక బాక్స్‌లో పట్టదు కూడా. మిగిలింది కారులో పెట్టి, అద్దాలు పూర్తిగా ఎక్కించి, లాక్ చేయాలి. టెంట్లో ఏదీ ఉండకూడదు.

"ఏదీ" అంటే తిండి ఒక్కటే కాదు. టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, అమృతాంజన్, అగరుబత్తి, పసిపిల్లల పాలసీసా, వైప్స్, రాత్రి మాత్ర వేసుకుంటూ తినే రెండు బిస్కెట్లు, ఖాళీ కూలర్, కడిగిన కుక్కర్, స్టవ్, చెత్త సంచి అన్నీ బాక్స్‌లోకో కారులోకో పోవాలి. పోపు పెట్టినప్పుడు వేసుకున్న బట్టలతో పడుకోవద్దు, మార్చుకుని అవి కూడా కారులో పెట్టండి. బల్ల మీద కారిన ఆవకాయ నూనెని కాగితంతో తుడిచి ఆ కాగితాన్ని ఎలుగు తెరవలేని చెత్తడబ్బాలో వేయండి. మిగిలిన కూరని మంట గుంటలో పోసి కాల్చడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. అది పూర్తిగా కాలదు, వాసన మాత్రం తెల్లారేదాకా ఉంటుంది. అంట్లు తోమిన నీళ్లు చెట్టు మొదట్లో పారబోయకూడదు. టీ వడగట్టే జల్లెడతో మెతుకులు తీసేసి, నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లో అందుకోసం ఉన్న సింక్‌లోనే పోయాలి.

వంట గురించి ఇంకాస్త. బ్రిడ్జ్ బే, గ్రాంట్ సుమారు 7,800 అడుగుల ఎత్తులో ఉన్నాయి. అక్కడ నీళ్లు దాదాపు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. తెరిచిన గిన్నెలో కందిపప్పు గంట ఉడికించినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ అయిపోతుంది. కుక్కర్ తీసుకెళ్లండి. బయటి గాలి పీడనం తక్కువ కాబట్టి కుక్కర్ లోపల కూడా ఇంటి దగ్గరకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటుంది. పప్పు గంట ముందు నానబెట్టి, రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. అదనపు గాస్కెట్ ఒకటి సంచిలో పడేయండి. ఒక పౌండ్ ప్రొపేన్ సిలిండర్‌లో సుమారు 21,600 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) ఉంటుంది. 10,000 బీటీయూ బర్నర్‌ని ఫుల్లుగా పెడితే రెండు గంటలు. పద్దెనిమిది మందికి పొద్దున టీ, టిఫిన్, రాత్రి అన్నం, పప్పు కలిపితే రోజుకి నాలుగు బర్నర్-గంటలు ఎటూ పోవు, అంటే రోజుకి రెండు సిలిండర్లు. గాలి వీస్తే ఇంకా ఎక్కువ, స్టవ్‌కి మూడు వైపులా అడ్డం ఉండాలి. నన్నడిగితే మొదటి రాత్రికి పులిహోర, రెండో రోజు మధ్యాహ్నానికి చపాతీలు, కందిపొడి చాలు. మటన్ కూర ఇంటికొచ్చాక వండుకోండి. వంట ఎంత తక్కువైతే వాసన, అంట్లు, చెత్త అంత తక్కువ.

చలిని కూడా మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. జూలైలో పగలు 25 డిగ్రీలున్నా తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడిపోవడం అక్కడ మామూలే, ఏ నెలలోనైనా మంచు పడొచ్చు. స్లీపింగ్ బ్యాగ్ మైనస్ 7 డిగ్రీల రేటింగ్‌ది తీసుకోండి. పెద్దగా ఉబ్బే గాలి పరుపులు వేసుకుని రాత్రంతా వణికేవాళ్లు చాలామంది. ఆ పరుపు లోపలి గాలి కదులుతూ ఒంటి వేడిని నేలలోకి పంపిస్తుంది. ఆర్-విలువ (వేడి నేలలోకి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4 పైన ఉన్న ప్యాడ్ కావాలి. లేదంటే గాలి పరుపు మీద, అంటే ఒంటికీ పరుపుకీ మధ్య, మందపాటి ఫోమ్ షీటో ఉన్ని దుప్పటో పరవాలి. ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లుంటే అది గడ్డకట్టకూడదు, రాత్రి కారులో వదిలేయకుండా ఒంటి దగ్గరే పెట్టుకోవాలి. దాన్ని టెంట్లో ఎలా పెట్టుకోవాలో చెక్-ఇన్ అప్పుడే పార్కు వాళ్లని అడగండి.

జంతువుల్లో ఎల్లోస్టోన్‌లో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచింది ఎలుగు కాదు, బైసన్ (అడవిదున్న లాంటి జంతువు). మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకి 35 మైళ్ల వేగంతో పరిగెత్తగలదు. క్యాంప్‌గ్రౌండ్‌లోకే నడిచి వస్తుంది, టెంట్ల మధ్య ప్రశాంతంగా గడ్డి తింటుంది. ఆ ప్రశాంతత చూసి గ్రూప్ ఫోటోకి ఒక్కొక్కరూ ఒక్కో అడుగు ముందుకు వేస్తారు. తోకని గమనించండి. కిందికి వేలాడుతూ అటూ ఇటూ ఊగుతుంటే ఈగలు తోలుకుంటోందని. పైకి లేచి కొన దగ్గర వంగిందంటే దానికి కోపం వచ్చినట్టు. తల ఊపడం, కాలితో నేల గీరడం, బుస కొట్టడం దాని తర్వాతి మెట్లు. అంతదాకా ఆగకుండా కారు వెనక్కి వెళ్లిపోండి. బైసన్, ఎల్క్ (పెద్ద జింక) లాంటివాటికి కనీసం 23 మీటర్లు, ఎలుగులకు, తోడేళ్లకు 91 మీటర్లు దూరం ఉండాలన్నది నియమం. చెయ్యి చాచి బొటనవేలు ఎత్తితే జంతువు పూర్తిగా దాని వెనక దాగాలి. దాగలేదంటే మీరు బాగా దగ్గరికి వెళ్లిపోయారు. జూలై చివర, ఆగస్టులో బైసన్లు జతకట్టే కాలం, మగవి మరీ చిరాగ్గా ఉంటాయి.

బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే మిరపఘాటు స్ప్రే) విమానంలో తీసుకెళ్లనివ్వరు, చెక్-ఇన్ లగేజీలో కూడా. అక్కడికి వెళ్లాక కొనుక్కోవాలి. పద్దెనిమిది మందికి ఒక్కటి కొని బ్యాగ్ అడుగున పెట్టుకోవడం డబ్బు దండగ. నడిచేటప్పుడు గ్రూప్ ముందున్న మనిషికి ఒకటి, వెనకున్న మనిషికి ఒకటి, అదీ నడుము పట్టీకి, చేయి పెడితే అందేలా. సేఫ్టీ క్లిప్ తీయడం అందరూ ఒకసారి చూసుకోవాలి. ఎలుగు మీదికి దూసుకొస్తుంటే 60 అడుగుల లోపలికి వచ్చాక, గురి కొంచెం కిందికి పెట్టి, మధ్యలో మబ్బులా అడ్డం పడేలా కొట్టాలి. పరిగెత్తకూడదు. దోమల మందులా టెంట్ మీదో పిల్లల బట్టల మీదో కొట్టేవాళ్లున్నారు. అది పూర్తిగా తప్పు, పిల్లలకు కళ్లు మండిపోతాయి, బట్టకి అంటిన వాసన ఎలుగుని రప్పిస్తుంది కూడా.

అగ్నిపర్వతం పేలిపోతుందేమోనని యూట్యూబ్ చూసి భయపడేవాళ్లకి ఒక మాట. చివరి మహా విస్ఫోటం దాదాపు 6,40,000 ఏళ్ల కిందట జరిగింది. ఏ ఒక్క ఏడాదిలోనైనా అలాంటిది మళ్లీ జరిగే అవకాశం సుమారు 7,30,000లో ఒక వంతు అని అమెరికా భూగర్భ సర్వే లెక్క. అది వదిలేయండి. భయపడాల్సింది నేల మీద ఉన్న వేడినీళ్ల బుగ్గల గురించి. వాటిలో కాలి ఇప్పటిదాకా 20 మందికి పైగా చనిపోయారు. బోర్డ్‌వాక్ (చెక్కలతో వేసిన నడకదారి) పక్కన తెల్లగా, ఎండిన సున్నంలా కనిపించేది గట్టి నేల కాదు, చాలాచోట్ల కింద మరుగుతున్న నీళ్ల మీద ఏర్పడిన పలచటి పొర. 2024 జూలై 23న బిస్కెట్ బేసిన్‌లో బ్లాక్ డైమండ్ పూల్ దగ్గర నేల లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై పేలి, రాళ్లు, బురద ఎగజిమ్మి బోర్డ్‌వాక్‌ని ధ్వంసం చేసింది. పట్టపగలు, జనం ఉండగానే. ఎవరికీ గాయాలు కాలేదు.

అందుకే బోర్డ్‌వాక్ మీద ఒక్కో పిల్లకీ ఒక్కో పెద్ద మనిషి, పేరు పెట్టి, చేయి పట్టుకుని. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం. ఆవిరికి చెక్కలు తడిసి ఉంటాయి, తెల్లవారుజామున మంచు పట్టి జారతాయి. టోపీ ఎగిరి నీళ్లలో పడితే దాన్ని వదిలేయండి, రేంజర్‌కి చెప్పండి, వాళ్ల దగ్గర పొడుగాటి పరికరాలున్నాయి.

కార్లు వేరు వేరుగా వెళ్లినప్పుడు ఫోన్ల మీద ఆధారపడొద్దు, పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో ఎల్లోస్టోన్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకుని, "ఒంటిగంటకి ఫలానా పార్కింగ్ దగ్గర" అని నోటితో చెప్పుకోండి. బ్రిడ్జ్ బే నుంచి తోడేళ్ల కోసం లమార్ లోయకి 50 మైళ్లు కూడా ఉండదు, కానీ గరిష్ఠ వేగం 45, దారిలో బైసన్ మంద రోడ్డు దాటుతుంటే రెండు గంటలు పడుతుంది. అవి కనపడేది తెల్లవారుతుండగా. నాలుగున్నరకే బయల్దేరాలంటే స్పీకర్ పాటలు రాత్రి పదింటి దాకా ఎలా కుదురుతాయి? పది నుంచి ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలన్నది నియమం కూడా.

కాగితం మీద రాసుకోండి: రాత్రి బాక్స్ మూసేది ఒకరు, ఆ తర్వాత టార్చ్‌తో తిరిగి చూసేది ఇంకొకరు, చెత్త పడేసేది ఒకరు, స్ప్రే మోసేది ఇద్దరు, ఒక్కో పిల్లకీ ఒక్కొక్కరు. రోజూ మార్చుకోండి. ఎప్పుడూ వంటపని చేసే ఆడవాళ్ల మీదే బాక్స్ పని కూడా పడేయకండి, అలసిపోయినప్పుడే గడియ పడిందో లేదో చూడటం మర్చిపోతారు. తిరుగు ప్రయాణం రోజు వాడని స్ప్రే డబ్బాలు, ఖాళీ ప్రొపేన్ సిలిండర్లు మామూలు చెత్తలో వేయొద్దు, నలిపితే పేలతాయి. వాటికి పార్కులో వేరే రీసైక్లింగ్ డబ్బాలున్నాయి, ఎక్కడో చెక్-ఇన్ అప్పుడే అడిగి ఉంచుకోండి. లేదంటే ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో వాటిని ఏం చేయాలో తెలియక నిలబడాల్సి వస్తుంది.