రాయబారి ఫైలు విశాఖకు రావాలి

సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరెత్తితే చాలు, విశాఖలో ఎవరో ఒకరు ఆయన స్టాలిన్ చెంప తట్టిన కథ చెబుతారు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు కనుక ఈ ఊరికి ఆయన దగ్గర ఆ చనువు ఉంది. కానీ 1949 నుంచి 1952 దాకా ఆయన మాస్కోలో మన రాయబారి. ఆ కొలువంతా మన నోళ్లలో ఒక్క చెంప దగ్గరే ఆగిపోయింది.

రాయబారి ఏం చేశాడో తెలియాలంటే చూడాల్సింది విందు ఫొటోలు కాదు, ఫైళ్లు. సంకేత భాషలో వచ్చిన టెలిగ్రామ్, దాని పక్కన ఢిల్లీ అధికారి గీకిన రెండు ముక్కలు, కింద పొడి అక్షరాల సంతకం, తేదీ. ‘నేను ముందే హెచ్చరించాను’ అని ఆత్మకథల్లో రాసుకున్నవాళ్ల గుట్టు విప్పేది ఆ తేదీయే. రాయబారిగా ఉంటూనే రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ పదవీ చూసుకున్నారు. ఏ నెలలో ఎక్కడున్నారు, ఆయన లేని రోజుల్లో ఎంబసీ నుంచి ఉత్తరాలు ఎవరి సంతకంతో వెళ్లాయి? ఇలాంటివి పొగడ్తల ఉపన్యాసాల్లో దొరకవు.

పాత ఫైళ్లు చేతులు మారిన కొద్దీ చిరుగుతాయని మైక్రోఫిల్మ్ తీయడం, అంటే పేజీలను చిన్నగా ఫిల్మ్ మీద ఫొటో తీయడం, మొదలుపెట్టారు. అరచేతిలో పట్టే రీలులో వందల పేజీలు ఇముడుతాయి. దాన్ని పెద్దగా చూపించే రీడర్ యంత్రానికి తగిలించి పిడి తిప్పుతుంటే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జారిపోతుంటాయి. గంటసేపటికి కళ్లు మండుతాయి. తీరా కావలసిన పేజీ వచ్చేసరికి ఫొటో తీసిననాడే మసకబారి ఉంటుంది! అందుకే ముందు సూచిక చూసి శాఖ, సంవత్సరం, ఫైలు నంబరు రాసుకుని కూర్చోవాలి. ఒక్క ఫైలు చదివి తీర్పు చెప్పకూడదు. రాయబారి రాసినదానికి ఢిల్లీ ఇచ్చిన జవాబు వేరే ఫైలులో ఉండొచ్చు.

అసలు ఫైళ్లు ఢిల్లీలో ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరితేనే ఈ మాటలన్నీ. శాఖలు పాత రికార్డులను అక్కడికి అప్పగించాలనే పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993లోనే వచ్చింది. అయినా 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని 2022 డిసెంబరులో నేషనల్ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరలే చెప్పారు. శాఖల బీరువాల్లో మగ్గుతున్నవి ముందు బయటికి రావాలి.

వచ్చినవాటి సంగతికొస్తే, సూచికలు ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే వెతుక్కోవచ్చు. స్కాన్ కానివాటి కోసం మన పరిశోధక విద్యార్థి రైలెక్కి ఢిల్లీ పోవాలి, అక్కడ గది అద్దెకు తీసుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం రుసుము కట్టి ఆ మాస్కో ఏళ్ల విదేశాంగ ఫైళ్ల మైక్రోఫిల్మ్ నకళ్లు తెప్పించాలని, తన వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ఒక రీడర్ యంత్రం పెట్టాలని మేము కోరుతున్నాం. 1926లో పుట్టిన సంస్థ నూరేళ్ల పండుగకు ఇంతకన్నా తగిన ఖర్చు మాకు తోచడం లేదు.

అయితే ఇది కిటికీ గ్రిల్స్‌కే తుప్పు పట్టించే ఉప్పుగాలి ఊరు. తేమ తగిలితే పాత అసిటేట్ ఫిల్మ్ వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను ఈ క్యాంపస్‌ను ఏం చేసిందో చూశాం. కాబట్టి రాత్రిపగలు తేమ లాగేసే చల్లటి గది కావాలి, కరెంటు పోతే జనరేటర్ కావాలి. అన్నిటికంటే ముందు, రీలు ఎక్కించడం తెలిసిన ఉద్యోగి ఒకరు పర్మినెంట్‌గా కావాలి.