ఆఫ్రికాలో ముసలివాళ్లే లేరా?

"ఆఫ్రికాలో సగటు ఆయుష్షు అరవై చిల్లరే. ముసలివాళ్లే లేనిచోట వృద్ధాప్యం మీద పరిశోధనలెందుకు? ఉన్న కొద్దిమందికీ బీపీ, మతిమరుపు రావు. పుట్టిన తేదీలు తెలియవు కాబట్టి సర్వేలు చెల్లవు." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సందేశం సారాంశమిది.

మొదట సగటు సంగతి. పదిమందిలో ఇద్దరు పురిట్లోనే పోయి, ఎనిమిదిమంది 75 ఏళ్లు బతికితే సగటు 60. అరవైలో పోయినవాళ్లు ఒక్కరూ లేరు! దక్షిణాఫ్రికాలో ఆ సగటును పడగొట్టింది ఎక్కువగా ఎయిడ్స్‌తో పోయిన పడుచువాళ్లు. వాళ్ల పిల్లల్ని ఎందరినో పెంచింది అమ్మమ్మలూ నాయనమ్మలే.

బీపీ రాదనేది కొలవనివాళ్ల మాట. ఆ దేశంలోనే, ఎంపుమలాంగా రాష్ట్రంలోని అగిన్‌కోర్ట్ పల్లెల్లో 1992 నుంచి ఇంటింటి లెక్క నడుస్తోంది. అక్కడ 2014-15లో హాల్సీ అనే, వయసు మీరేవాళ్ల ఆరోగ్యం మీద అధ్యయనం 40 దాటిన 5,059 మందిని పరీక్షిస్తే సగానికి పైగా బీపీ ఉంది. దాదాపు నాలుగోవంతు మందికి హెచ్‌ఐవీ. మందులు అందడంతో దానితోనే ముసలివాళ్లవుతున్నారు. కొలతకూ ఒక పద్ధతుంది: కూర్చోబెట్టి మూడుసార్లు కొలిచి, మొదటి అంకె వదిలేసి మిగతా రెంటి సగటు తీస్తారు. కంగారుకు మొదటిది పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా లేని బీపీ కనిపిస్తుంది.

మతిమరుపు విషయంలో మాత్రం సందేశంలో ఒక గింజ నిజముంది. నైజీరియాలోని ఇబాదాన్‌లో 65 దాటిన యొరూబా తెగవాళ్లలో ఏటా కొత్తగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చింది 1.35 శాతానికి, అమెరికాలోని ఇండియానాపొలిస్ నల్లజాతి వృద్ధుల్లో 3.24 శాతానికి. తక్కువే, కానీ సున్నా కాదు. అసలు చిక్కు పరీక్షలో ఉంది. అగిన్‌కోర్ట్‌లో దాదాపు సగం మంది బడి మొహం చూడలేదు. తేదీ చెప్పమంటే, లెక్క చేయమంటే బయటపడేది మతిమరుపో చదువులేమో తేలదు. అందుకే అక్కడ చదువు లేనివాళ్లకూ పనికొచ్చేలా ట్యాబ్‌లో బొమ్మల పరీక్ష పెట్టారు. ఇబాదాన్‌లోనైతే ఇంట్లోవాళ్లనీ విడిగా అడిగారు.

ఇక పుట్టిన తేదీలు. మన దివిసీమలో "ఉప్పెన నాటికి పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటే 1977 దొరికినట్టే, ఎక్కడైనా ఊరందరికీ గుర్తున్న సంఘటన పట్టుకుని లెక్క కడతారు. అప్పటికీ వయసులు 60, 65, 70 దగ్గర కుప్పపడతాయి, నిజమే. అయితే హాల్సీ అదే మనుషుల్ని మళ్లీ 2018-19లో, 2021-22లో కలిసింది. వయసు రెండేళ్లు అటూ ఇటూ అయినా, రెండు కొలతల మధ్య గడిచిన కాలంలో పొరపాటుండదు.