కలిసినంత మాత్రాన కరిగిపోవు

అన్ని సంగీతాలూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి చివరికి ఒకే ముద్దవుతాయని ఓ వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త భయం కాస్త అతిగానే ఉంది. బ్రెజిల్ సంగీత శైలి బోసా నోవానే చూడండి. 1950ల చివర్లో రియో డి జనీరోలో పుట్టింది. బ్రెజిల్ వాళ్ల నాట్య సంగీతం సాంబాలో గుంపుగా వాయించే వాద్యాల లయని ఒక్క గిటార్ మీదికి తెచ్చేశారు. బొటనవేలు మంద్ర తీగల మీద నిలకడగా నడుస్తుంటే, మిగతా వేళ్లు తాళం దెబ్బ మీద కాకుండా కాస్త అటూ ఇటూ జరిగి కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాలు) పలికిస్తాయి. ఆ కార్డ్స్‌లో జాజ్ వాసన గుప్పుమంటుంది. తర్వాత అమెరికా జాజ్ వాళ్లే దీనికోసం ఎగబడ్డారు. అమెరికా శాక్సొఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్, బ్రెజిల్ గాయకుడు, గిటారిస్టు జొవావ్ గిల్బెర్టో కలిసి చేసిన ఆల్బమ్ 1964లో వచ్చింది. అయినా సాంబా ఎక్కడికీ పోలేదు, జాజూ పోలేదు.

జమైకా సంగీతం రెగేదీ అదే దారి. అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ వింటూ జమైకా వాళ్లు స్కా అనే వేగమైన శైలిని కట్టుకున్నారు, అది నెమ్మదించి రాక్‌స్టెడీ, ఆపైన రెగే అయింది. (దీన్ని బ్లూస్‌కి కొమ్మ అని తేల్చేసేవాళ్లంటే నాకు చిరాకు.) రెగేకి సొంత రూపం ఉందా అని అనుమానముంటే వేళ్ల మీద నాలుగు లెక్కపెడుతూ వినండి: వన్ డ్రాప్ అనే రెగే తాళంలో డ్రమ్స్‌కి ఒకటో దెబ్బ ఖాళీ, బరువంతా మూడో దెబ్బ మీదే. రాక్ డ్రమ్మర్ ఒకటిని అలా వదిలేయడం అరుదు.